మోటారు సైకిలు ఇంజను నూనె మట్టం

ఇంజను నూనె మట్టం అనగా మోటారు సైకిలు ఇంజను అడుగుభాగంలో నిలిచి ఉండే కందెన నూనె ఎత్తు. వాడుకలో దీనిని ఆయిల్ లెవెల్ అంటారు. నాలుగు స్ట్రోకుల ఇంజను గల ద్విచక్ర వాహనాలలో ఈ మట్టాన్ని తరచుగా కొలిచి చూడడం వాహనదారుడు స్వయంగా చేసుకోగల ముఖ్యమైన పరీక్ష. ఇందుకు పది నిమిషాల సమయం, ఒక శుభ్రమైన గుడ్డపేలిక చాలు. అయితే కొలిచే పద్ధతిలో చిన్న పొరపాటు జరిగినా నూనె ఉన్నదానికంటే తక్కువగానో, ఎక్కువగానో కనిపిస్తుంది. దానిని నమ్మి నడుచుకుంటే ఇంజనుకు నష్టం కలుగుతుంది. కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలోని జైనూరు వంటి కొండ ప్రాంతాలలో మోటారు సైకిలే ముఖ్య ప్రయాణ సాధనం కాబట్టి అక్కడ ఈ పరీక్షకు ప్రాధాన్యం మరింత ఎక్కువ.

నూనె చేసే పని

లోహపు భాగాలు ఒకదానితో ఒకటి రాసుకున్నప్పుడు వేడి పుట్టి అవి అరుగుతాయి. వాటి మధ్య పలుచని నూనె పొర ఉంటే ఈ రాపిడి తగ్గుతుంది. ఎడ్లబండి ఇరుసుకు ఆముదం పూయడంలో ఉన్న సూత్రం ఇదే. ప్రసిద్ధ కందెన నూనె క్యాస్ట్రాల్ పేరు కూడా ఆముదానికి గల ఆంగ్ల నామం నుండి వచ్చినదే. ఆ నూనెను 1909లో తయారుచేసినపుడు అందులో ఆముదం కలిపేవారు.

ఇంజనులో నూనె రాపిడిని తగ్గించడంతో పాటు పిస్టన్ వద్ద పుట్టిన వేడిని మోసుకుపోతుంది, మసిని, లోహపు పొడిని తనలో కలుపుకుంటుంది. అంతేగాక ఎక్కువ మోటారు సైకిళ్ళలో ఇంజనుకు, గేర్లకు, క్లచ్చికి ఒకే నూనె పనిచేస్తుంది. 100 సి.సి. బండిలో పట్టే నూనె సుమారు 1 లీటరు మాత్రమే. అందులో 250 మిల్లీలీటర్లు తగ్గితే నాలుగవ వంతు పోయినట్లే. మూడు, నాలుగు లీటర్ల నూనె పట్టే కారులో ఇదే లోటు అంత తీవ్రమైనది కాదు. కార్లలో నూనె పీడనం పడిపోతే ఎర్ర దీపం వెలుగుతుంది. సాధారణ మోటారు సైకిళ్ళలో ఎక్కువ వాటికి అటువంటి దీపం ఉండదు. కాబట్టి నూనె తగ్గిన సంగతి కొలిచి చూస్తేనే తెలుస్తుంది.

ఏ వాహనాలకు వర్తిస్తుంది

రాజ్‌దూత్, యెజ్డీ, యమహా ఆర్.ఎక్స్.100 వంటి పాత రెండు స్ట్రోకుల బండ్లలో ఇంజనుకు కావలసిన నూనె పెట్రోలుతో పాటు లోపలికి వెళ్ళి కాలిపోతుంది. గేర్ల నూనె వేరుగా ఉంటుంది. కాబట్టి ఈ వ్యాసంలో చెప్పిన పద్ధతి వాటికి వర్తించదు. 1985లో హీరో హోండా సి.డి.100 వచ్చిన తరువాత మన దేశంలో నాలుగు స్ట్రోకుల చిన్న బండ్లు వ్యాపించాయి. 2000 తరువాత కాలుష్య నిబంధనలు కఠినం కావడంతో రెండు స్ట్రోకుల మోటారు సైకిళ్ళ తయారీ క్రమంగా ఆగిపోయింది.

నాలుగు స్ట్రోకుల బండ్లలో నూనెను చూడడానికి రెండు రకాల ఏర్పాట్లు ఉన్నాయి. మొదటిది డిప్‌స్టిక్ అనే కొలబద్ద. ఇది నూనె పోసే మూతకే అతికి ఉంటుంది, దానిపై పై గీత, కింది గీత ఉంటాయి. రెండవది ఇంజను పక్కన అమర్చిన చిన్న గాజు కిటికీ. దీని పక్కన కూడా రెండు గీతలు ఉంటాయి.

కొలిచే విధానం

1. వాహనాన్ని సమతలమైన నేలపై సెంటర్ స్టాండు వేసి నిలపాలి. సెంటర్ స్టాండు లేని బండిని మరొకరి సహాయంతో నిటారుగా పట్టుకోవాలి.
2. ఇంజనును స్టార్టు చేసి, యాక్సిలరేటరు తిప్పకుండా 2 లేక 3 నిమిషాలు నడవనివ్వాలి.
3. ఇంజనును ఆపి మరి 2 లేక 3 నిమిషాలు ఆగాలి. పైభాగాలకు చేరిన నూనె ఈలోగా అడుగుకు దిగుతుంది.
4. మూత చుట్టూ ఉన్న దుమ్మును తుడిచి, మూత విప్పి కొలబద్దను బయటకు తీయాలి. ఇంజను వేడిగా ఉంటుంది కాబట్టి చేయి కాలకుండా చూసుకోవాలి.
5. కొలబద్దను గుడ్డతో శుభ్రంగా తుడవాలి.
6. దానిని తిరిగి రంధ్రంలో పెట్టాలి. ఎక్కువ బండ్లలో ఈ సమయంలో మూతను బిగించకూడదు, మరలపై ఆనించి ఉంచాలి. కొన్ని బండ్లలో పూర్తిగా బిగించి కొలవాలని ఉంటుంది. బండితో ఇచ్చిన పుస్తకంలో ఏది చెప్పి ఉంటే అదే పాటించాలి.
7. నేరుగా పైకి తీసి, తడి ఎంత ఎత్తు వరకు ఉన్నదో చూడాలి. అది రెండు గీతల మధ్య ఉంటే నూనె సరిపోయినట్లు. కింది గీత దగ్గరగా ఉంటే పై గీత వరకు నూనె పోయాలి.
8. చివరగా మూతను తప్పనిసరిగా బిగించాలి.

గాజు కిటికీ ఉన్న బండిలో మొదటి మూడు అంశాలు పాటించి, కిటికీ ఎత్తుకు కన్నులను దించి చూస్తే చాలు.

పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ల విషయంలో ఒక విశేషం ఉన్నది. వాటిలో నూనె ప్రత్యేకమైన అరలో నిలువ ఉంటుంది. బండి చాలా రోజులు కదలకుండా ఉంటే ఆ నూనె మెల్లగా క్రాంక్ షాఫ్ట్ ఉన్న భాగంలోకి జారుతుంది. అప్పుడు కొలిస్తే అర ఖాళీ అయినట్లు కనిపిస్తుంది. ఇంజనును కొంతసేపు నడిపి నూనె తిరిగి అరలోకి చేరిన తరువాతనే కొలవాలి.

సాధారణంగా జరిగే పొరపాట్లు

సైడ్ స్టాండుపై కొలవడం: సైడ్ స్టాండుపై బండి ఎడమకు ఒరుగుతుంది. నూనె కూడా ఎడమకు చేరుతుంది. ఎక్కువ బండ్లలో కొలబద్ద కుడి పక్కన ఉంటుంది కాబట్టి అక్కడ నూనె తక్కువగా కనిపిస్తుంది. చాలినంత ఉన్న నూనెకు మరికొంత కలుపుతారు.

ఇంజను ఆపిన వెంటనే కొలవడం: నూనెలో కొంత భాగం ఇంకా పైననే ఉంటుంది. ఇక్కడ కూడా కొలత తక్కువగా వచ్చి, అవసరానికి మించి పోసే అవకాశం ఉన్నది.

మూతను బిగించి కొలవడం: ఆనించి కొలవవలసిన బండిలో మూతను బిగిస్తే కొలబద్ద లోతుగా దిగి, తడి పైవరకు అంటుతుంది. నూనె తగ్గినప్పటికీ సరిపడా ఉన్నట్లు కనిపిస్తుంది. పై రెండింటికంటే ఈ పొరపాటు ప్రమాదకరమైనది, ఎందుకంటే వాహనదారుడు కొలిచి చూశానన్న ధైర్యంతో ప్రయాణం చేస్తాడు.

తుడవకుండా చూడడం: బండి కదిలినప్పుడు చిందిన నూనె కొలబద్దకు అంటి ఉంటుంది. ఆ తడి నూనె మట్టాన్ని సూచించదు.

తక్కువైనా, ఎక్కువైనా

నూనె తగ్గితే ఉన్న కొద్దిపాటి నూనె త్వరగా వేడెక్కి పలుచబడుతుంది. పిస్టన్, సిలిండరు గోడలు అరిగిపోతాయి. దీనినే మెకానిక్కులు ఇంజను బోరుకు వచ్చింది అంటారు. మరీ తగ్గితే పిస్టన్ సిలిండరులో బిగుసుకొని ఇంజను సీజ్ అవుతుంది. నడుస్తున్న బండిలో ఇలా జరిగితే వెనుక చక్రం హఠాత్తుగా ఆగి బండి పడిపోవచ్చు.

నూనె ఎక్కువైనా మేలు జరగదు. తిరిగే భాగాలు నూనెను చిలికి నురుగు చేస్తాయి. నురుగులో గాలి ఉండడం వలన కందెన పొర సరిగా నిలువదు. లోపల ఒత్తిడి పెరిగి సీళ్ళ నుండి నూనె కారుతుంది, గాలి వడపోత తడుస్తుంది, సైలెన్సరు నుండి నీలిరంగు పొగ వస్తుంది.

నూనె స్థితిని గుర్తించడం

మట్టంతో పాటు నూనె తీరును కూడా గమనించాలి. నల్లబడినంత మాత్రాన నూనె చెడినట్లు కాదు, మసిని తనలో కలుపుకోవడం దాని పనే. పాలు కలిసినట్లు తెల్లగా ఉంటే నీరు చేరిందని భావించాలి. పెట్రోలు వాసన వస్తూ మట్టం పెరిగి ఉంటే పెట్రోలు కలుస్తున్నదని అర్థం. వేళ్ళ మధ్య రుద్దినపుడు మెరిసే లోహపు రేణువులు కనిపిస్తే లోపల ఏదో భాగం అరుగుతున్నది. ఈ మూడు సందర్భాలలో నూనె కలిపి సరిపెట్టుకోకుండా మెకానిక్కుకు చూపించాలి.

జైనూరు ప్రాంతంలో

జైనూరు 2016 అక్టోబరు 11కు ముందు ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. ఉట్నూరు నుండి కెరమెరి మీదుగా ఆసిఫాబాదు వెళ్ళే దారిలో ఉన్న ఈ మండలంలో గోండు, కొలాం గూడేలు ఎక్కువ. మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్ నివసించిన మార్లవాయి గ్రామం ఈ మండలంలోనిదే. గూడేల నుండి అంగడికి, ఆసుపత్రికి, పరీక్ష కేంద్రానికి వెళ్ళడానికి చాలా కుటుంబాలకు మోటారు సైకిలే ఆధారం.

ఇక్కడి పరిస్థితులు ఇంజనుకు కఠినమైనవి. కెరమెరి ఘాటు వంటి ఎత్తులలో బరువుతో రెండవ గేరులో ఎక్కేటప్పుడు బండి నెమ్మదిగా కదులుతుంది, ఇంజను మాత్రం వేగంగా తిరుగుతుంది. గాలితో చల్లబడే ఇంజనుకు అప్పుడు తగినంత గాలి అందదు. వేసవిలో 44, 45 డిగ్రీల ఎండ దీనికి తోడవుతుంది. వానాకాలంలో ఇంజను మునిగేంత లోతు గల వాగు దాటితే నూనెలో నీరు చేరవచ్చు. ఘాటు మధ్యలో ఇంజను సీజ్ అయితే దగ్గరలో మెకానిక్కు దొరకడు. రోగిని తీసుకువెళ్ళే సమయంలో అయితే అది ప్రాణం మీదకు వస్తుంది.

ఊరిలో సమతలమైన నేల దొరకడం కూడా కొన్నిచోట్ల కష్టమే. బడి వరండా, పంచాయతీ కార్యాలయం ముందరి సిమెంటు గచ్చు, పంట ఆరబోసే కల్లం ఇందుకు అనువైనవి. వారానికి ఒకసారి అంగడి రోజు ఉదయం కొలవడం అలవాటు చేసుకుంటే మరచిపోయే అవకాశం ఉండదు. కేస్లాపూర్ నాగోబా జాతర వంటి దూర ప్రయాణాలకు ముందు, లోతైన వాగు దాటిన తరువాత కూడా చూసుకోవాలి.

నూనె ఎంపిక, పోయడం

డబ్బాపై ఉండే 10డబ్ల్యు-30, 20డబ్ల్యు-40 వంటి అంకెలు నూనె చిక్కదనాన్ని తెలుపుతాయి. తయారీదారు సూచించిన అంకె గల నూనెనే వాడాలి. క్లచ్చి నూనెలో తడిసే బండ్లకు జాసో ఎం.ఎ. గుర్తు ఉన్న నూనె తగినది. కొన్ని కారు నూనెలలో రాపిడిని మరీ తగ్గించే పదార్థాలు ఉండడం వలన క్లచ్చి జారుతుంది. నూనెను ఒకేసారి కాక 50 నుండి 100 మిల్లీలీటర్ల చొప్పున పోసి, ప్రతిసారి కొలవాలి. పై గీత దాటితే అదనపు నూనెను తీయించాలి. కలిపి పోసినంత మాత్రాన నూనె మార్పిడి గడువు పెరగదు.

వాడిన నూనెను నేలపై గాని, వాగులో గాని పారబోయకూడదు. 2016 నాటి కేంద్ర ప్రభుత్వ నియమాల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. దానిని మూత గల డబ్బాలో పోసి, సేకరించే సర్వీసు కేంద్రానికి అప్పగించాలి.

ఇవి కూడా చూడండి

నాలుగు స్ట్రోకుల ఇంజను
కందెన
క్లచ్చి
జైనూరు మండలం