జూన్ 23 రాత్రి కోసిన ఆకులు

ఉత్తర యూరప్‌లో జూన్ 23 రాత్రి చీకటి పడీ పడనట్టుగా ఉంటుంది. లాట్వియాలో ఆ సాయంత్రాన్ని లీగో అంటారు, మర్నాడు యాని. పగలంతా ఆడవాళ్ళు గట్ల వెంట, పచ్చికబయళ్ళలో తిరిగి పూలూ ఆకులూ కోసుకొస్తారు. కొన్నింటిని గుమ్మానికి కడతారు, కొన్నింటిని పశువుల కొట్టంలో వేలాడదీస్తారు, మిగిలినవి తలమీద పెట్టుకునే దండల్లో అల్లుతారు. ఆడవాళ్ళకి పూలదండలు, మగవాళ్ళకి ఓక్ ఆకుల దండలు. మూడు తొమ్మిదులు, అంటే ఇరవై ఏడు రకాల మొక్కలతో దండ అల్లితే ఏడాదంతా రక్ష అని ఒక నమ్మకం. ఎండిన దండని పారెయ్యరు. ఆవుకి జబ్బు చేస్తేనో, పిడుగుల వాన వస్తేనో దాన్ని పొగ వేస్తారు. క్రిష్యానిస్ బారన్స్ సేకరించి 1894 నుంచి 1915 వరకూ అచ్చువేసిన లాట్వియన్ పాటలు రెండు లక్షల పైచిలుకు. వాటిని తరతరాలుగా నోట నిలుపుకున్నది ఎక్కువగా ఆడవాళ్ళే. సోవియట్ పాలకులు 1959లో ఈ పండుగని బహిరంగంగా చేసుకోకుండా నిషేధించినా తోటల్లో, వంటిళ్ళలో అది బతికే ఉంది.

ఈ పండుగని ఇవాళ చాలామంది ‘మంత్రగత్తెల పండుగ’ అనీ, ఆ ఆకుల్ని ‘మంత్రగత్తెల మూలికలు’ అనీ పిలుస్తున్నారు. ఇంగ్లండ్‌లో, అమెరికాలో తమను పేగన్లమనీ విక్కన్లమనీ చెప్పుకునే స్త్రీలు ఈ రోజుని లీతా పేరుతో జరుపుకుంటారు. సెయింట్ జాన్స్ వోర్ట్, మగ్‌వోర్ట్, వెర్వెయిన్, యారో, ఎల్డర్ పూలు తెచ్చి బలిపీఠం మీద పరుస్తారు. స్త్రీవాద ఆలోచనలున్న చాలామందికి ఈ దృశ్యం ఇష్టం. మగపూజారి లేడు, దేవుడు లేడు, మొక్కల గురించి తెలిసిన ఆడవాళ్ళ వలయం ఒకటుంది. నాకూ ఇష్టమే. కానీ ఆ మొక్కల వెనకున్న చరిత్ర తవ్వుతూ పోతే మన ముందుకొచ్చే కథ కొంచెం వేరుగా ఉంటుంది.

అన్నింటికన్నా ముందు కనబడేది ఒక తిరకాసు. జూన్ 23 రాత్రి కోసిన ఆకులు చాలావరకు మంత్రగత్తెలు వాడేవి కావు, మంత్రగత్తెలు రాకుండా వాడేవి. లాట్వియా పల్లెల్లో గుమ్మానికి రోవన్ కొమ్మలు కట్టడం పాలు ఎత్తుకుపోయే మాయలాడి లోపలికి రాకుండా. జర్మనీలో, ఫ్రాన్సులో మగ్‌వోర్ట్‌ని మొలతాడులా నడుముకి చుట్టుకుని మంట చుట్టూ తిరిగి, చివరికి దాన్ని మంటలో వేసేవారు. ఏడాది పీడ దాంతో కాలిపోతుందని. సెయింట్ జాన్స్ వోర్ట్‌కి లాటిన్‌లో ఉన్న పాత పేరుకి అర్థమే దయ్యాల్ని పారదోలేదని. అంటే పక్కింటి ఆడమనిషి చూపు తగలకుండా ఈ ఇంటి ఆడమనిషి కట్టుకున్న తోరణం అది. ఇద్దరూ ఒకే గట్టు మీద, ఒకే రోజున, ఒకే మొక్క కోసుకున్నవాళ్ళు కావచ్చు.

చర్చికి ఈ సంగతి బాగా తెలుసు. పదకొండో శతాబ్దపు తొలి సంవత్సరాల్లో వర్మ్స్ బిషప్ బుర్ఖార్డ్ పాపాలు ఒప్పుకోడానికి వచ్చేవాళ్ళని ఏమేం అడగాలో పూజారుల కోసం ఒక పట్టిక రాశాడు. మందు మొక్కలు కోసేటప్పుడు క్రైస్తవ విశ్వాస ప్రకటన, ప్రభువు ప్రార్థన కాకుండా వేరే మంత్రాలేమైనా చదివావా అన్నది అందులో ఒక ప్రశ్న. చదివితే పది రోజులు రొట్టె, నీళ్ళ మీద ఉండాలి. గమనించండి, మొక్క కోయడం తప్పు కాదు, కోసే చేతి మీదా అభ్యంతరం లేదు. పెదవుల మీద ఏ మాట ఉందన్నదే తగువు. శిక్ష కూడా పది రోజుల పస్తు, అంతే. చితి అప్పటికింకా నాలుగు వందల ఏళ్ళ దూరంలో ఉంది. చర్చి సూర్యుడి పండుగకి యోహాను పేరు పెట్టి, మొక్కకి కూడా ఆయన పేరే తగిలించి ఊరుకుంది. మన దగ్గర గ్రామదేవతలకి పురాణాల్లో చుట్టరికాలు కలిపినట్టే.

ఆ మొక్క సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. సెయింట్ జాన్స్ వోర్ట్ పసుపుపచ్చ పూల చిన్న మొక్క. సరిగ్గా జూన్ చివర విరబూస్తుంది. ఆకుని వెలుతురుకి ఎత్తి చూస్తే సూదితో పొడిచినట్టు చుక్కలు కనిపిస్తాయి. అవి కంతలు కావు, నూనె గ్రంథులు. మొగ్గని వేళ్ళ మధ్య నలిపితే ఎర్రటి రసం అంటుకుంటుంది. తల తెగిన యోహాను నెత్తురు అని కథ అల్లారు. పూలని నూనెలో వేసి ఎండలో పెడితే నూనె ఎర్రబడుతుంది, దాన్ని గాయాలకీ కాలిన చోట్లకీ రాసేవారు. మనసు కుంగిన వాళ్ళకి కషాయం ఇచ్చేవారు. ‘దయ్యం’ అని వాళ్ళన్నదాంట్లో కొంత మనం దిగులు అంటున్నదే. తేలికపాటి, మధ్యస్థాయి కుంగుబాటులో ఈ మొక్క పనిచేస్తుందని ఇటీవలి పరీక్షలు చెబుతున్నాయి, జర్మనీలో డాక్టర్లు చీటీ మీద రాస్తారు కూడా.

దీనికి ఇంకో ముఖం ఉంది. ఈ మొక్కలోని పదార్థాలు కాలేయంలో మందుల్ని విరగ్గొట్టే ఎంజైముల్ని రెచ్చగొడతాయి. దానివల్ల గర్భనిరోధక మాత్రలు త్వరగా విరిగిపోయి పని చెయ్యకుండా పోవచ్చు. 2000 ప్రాంతం నుంచీ వైద్యులు దీని గురించి హెచ్చరిస్తూనే ఉన్నారు. స్త్రీ తన శరీరాన్ని తన చేతిలోకి తెచ్చుకున్న మూలిక అని పూజలో పెట్టుకుంటున్న ఆకు, ఆ చేతిలోని మాత్రనే చెడగొట్టగలదు! పాత గట్ల మీది ఆడవాళ్ళకి ఈ ఇబ్బంది లేదు, వాళ్ళకి మాత్ర లేదు గనక. వాళ్ళ దగ్గర రూ, పెన్నీరాయల్, సావిన్ వంటి మొక్కలుండేవి. వాటికీ ప్రాణం తీసే విషానికీ మధ్య తేడా మోతాదులో మాత్రమే. పొరపాటైతే పోయేది ఆ తల్లి ప్రాణమే. ‘ప్రకృతి సిద్ధం’ అన్న మాట వినగానే కరిగిపోయే అలవాటు మనలో చాలామందికి ఉంది కాబట్టి ఈ మాట చెప్పక తప్పదు.

మగ్‌వోర్ట్ మనకి పూర్తిగా పరాయిది కాదు. వినాయక చవితి నాటి ఇరవై ఒక్క పత్రిలో మొదట పలికే మాచిపత్రి దీనికి దగ్గరి చుట్టం, ఆర్టిమీసియా కుటుంబమే. నలిపితే అదే ఘాటు వాసన. మా ఇంట్లో పత్రి ఏరుకొచ్చేది పిల్లలూ ఆడవాళ్ళూ, ఏది ఏ ఆకో గుర్తుపట్టేది అమ్మమ్మ, మంత్రం చదివేది మాత్రం మగవాళ్ళు. రుతువు మారే వేళ ఆకులు ఏరుకొచ్చి గుమ్మానికీ దేవుడికీ పెట్టడం ఒక్క యూరప్ సొత్తేమీ కాదు. కాకపోతే అక్కడ ఒక రెండు మూడు శతాబ్దాల పాటు ఆ పని చుట్టూ మంటలు లేచాయి.

ఆ మంటల గురించి స్త్రీవాదులం చాలాకాలం ఒక కథ చెప్పుకున్నాం. వైద్యం తెలిసిన స్త్రీలని, మంత్రసానుల్ని, చర్చీ మగ వైద్యులూ కలిసి తొంభై లక్షల మందిని తగలబెట్టారన్నది ఆ కథ. ఈ తొంభై లక్షల లెక్క 1784లో క్వెడ్లిన్‌బర్గ్‌కి చెందిన ఫోయిక్ట్ వేసింది. తన చిన్న ఊరి రికార్డుల్లో దొరికిన కొద్ది కేసుల్ని మొత్తం యూరప్‌కీ, శతాబ్దాలకీ హెచ్చవేశాడు. 1893లో మటిల్డా జోస్లిన్ గేజ్ ‘వుమన్, చర్చ్ అండ్ స్టేట్’లో తీసుకుంది. 1973లో బార్బరా ఎరెన్‌రైక్, డియర్‌డ్రె ఇంగ్లిష్ రాసిన చిన్న పుస్తకం ‘విచెస్, మిడ్‌వైవ్స్ అండ్ నర్సెస్’ మంత్రసానుల కథని ప్రపంచమంతా తిప్పింది. ఆ పుస్తకం చదివి ఉద్రేకపడని స్త్రీవాదులు ఆ తరంలో తక్కువ.

ఆ తర్వాత చరిత్రకారులు కోర్టు కాగితాల్ని ఒక్కొక్క ఊరిదీ చదివారు. ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే లెక్క నలభై నుంచి అరవై వేల మంది. అందులో మూడొంతులకు పైగా స్త్రీలు. అన్ని చోట్లా అలా కూడా కాదు, ఐస్‌లాండ్‌లో కాల్చింది దాదాపు అందరూ మగవాళ్ళనే. మంత్రసానులు నిందితుల్లో అంత ఎక్కువగా లేరని డేవిడ్ హార్లీ 1990లో రాశాడు. ఆగ్స్‌బర్గ్ రికార్డులు చదివిన లిండల్ రోపర్‌కి కనిపించింది, బాలింతల దగ్గర పనిచేసిన ముసలి ఆడవాళ్ళ మీద ఆ బాలింతలే చేసిన ఆరోపణలు. డెన్మార్క్‌లోని రీబెలో 1641 నవంబర్ 9న కాల్చేసిన మారెన్ స్ప్లిడ్స్ కథలో మూలికలకి చోటే లేదు. ఆమె దర్జీ భార్య, ఉన్న కుటుంబం. ఆరోపించినవాడు మరో దర్జీ. 1617లో డెన్మార్క్ రాజు నాలుగో క్రిస్టియన్ తెచ్చిన శాసనం కూడా చూడండి. సైతానుతో ఒప్పందం చేసుకున్నవాళ్ళకి చితి, మంత్రించి వైద్యం చేసేవాళ్ళకి దేశ బహిష్కారం. రెండింటినీ విడదీసింది.

అలాగని వైద్యం చేసే ఆడవాళ్ళు భద్రంగా ఉన్నారనుకోకూడదు. స్కాట్లండ్‌లో ఈస్ట్ లోథియన్‌కి చెందిన ఆగ్నెస్ శాంప్సన్‌కి వైద్యం తెలుసు, పురుళ్ళు పోసేది. ఆరో జేమ్స్ రాజు స్వయంగా కూచుని ప్రశ్నించాడు. 1591 జనవరిలో ఆమెని చంపేశారు. జబ్బు నయం చెయ్యగలిగినామె తెప్పించనూ గలదు అన్న తర్కం ఊళ్ళో ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. సిల్వియా ఫెడెరీచి 2004లో ‘కాలిబన్ అండ్ ద విచ్’లో ఈ హింసని భూముల ఆక్రమణతో, సంతానం మీద రాజ్యం అదుపుతో ముడిపెట్టింది. ఆమె ఆధారాల్ని చాలామంది చరిత్రకారులు ఒప్పుకోలేదు కానీ, ఆమె అడిగిన ప్రశ్న అడక్కుండా ఉండలేం అంటాను. లెక్క తగ్గితే అన్యాయం తగ్గదు. యాభై వేల మంది చాలరా? తొంభై లక్షలు అంటేనే మనకి కోపం వస్తుందా?

మూలికల కథలో నన్ను ఎక్కువ ఆపేసింది మాత్రం ఓ తలారి భార్య. స్పెయిన్ వైద్యుడు ఆండ్రెస్ లగూనా 1545 ప్రాంతంలో మెట్స్ నగర వైద్యుడిగా ఉండగా, మంత్రగాళ్ళన్న నేరం మీద పట్టుబడిన ఒక ముసలి జంట గుడిసెలో పచ్చటి లేపనం కుండ దొరికింది. వాసన చూసి హెమ్‌లాక్, నైట్‌షేడ్, హెన్‌బేన్, మాండ్రేక్ అని పోల్చాడు. హెన్‌బేన్ అంటే మన ఖురాసానీ వాము, ఉమ్మెత్తకి బంధువు. నిద్రపట్టక బాధపడుతున్న ఊరి తలారి భార్యకి తల నుంచి కాళ్ళ దాకా దాన్ని పూయించాడు. ఆమె ముప్పై ఆరు గంటలు కళ్ళు తెరవలేదు. లేపితే, అంత సుఖంలో ఉండగా ఎందుకు లేపారని గొడవ పెట్టుకుంది. మంత్రగత్తెల విహారాలన్నీ ఈ మొక్కలు తెచ్చిన కలలేనని లగూనా తేల్చాడు. వాదన మంచిదే, ఒక రకంగా కాల్పులకి వ్యతిరేకమైనది. కానీ ఆయన వాదనకి ప్రయోగశాల అయింది ఆమె ఒళ్ళు. ఆయన పేరు వైద్య చరిత్రలో ఉంది. ఆమె ఎవరి భార్యో తెలుసు మనకి, అంతే.

ఇలాంటిదే ఇంకొకటి. 1785లో విలియం విదరింగ్ ఫాక్స్‌గ్లవ్ మీద పుస్తకం రాశాడు, గుండెజబ్బులకి వాడే డిజిటాలిస్‌కి అదే మొదలు. 1775లో తనకి ఒక యోగం మీద అభిప్రాయం అడిగారని, ష్రాప్‌షైర్‌లోని ఓ ముసలామె దాన్ని రహస్యంగా దాచుకుందని ఆయనే చెప్పాడు. ఇరవై పైగా ఆకులున్న ఆ మందులో పనిచేసేది ఫాక్స్‌గ్లవ్ అని ఆయన పట్టుకున్నాడు, మోతాదు కోసం ఏళ్ళ తరబడి కష్టపడ్డాడు. అది కాదనను. ఆమె పేరు మాత్రం రాయలేదు. 1928లో అమెరికాలోని ఒక మందుల కంపెనీ ప్రకటన ఆమెకి ‘మదర్ హట్టన్’ అని పేరూ, ముఖమూ కల్పించింది. ఆ బొమ్మ ఎన్నో వ్యాసాల్లోకి నిజమనుకుని వచ్చేసింది. మూలికలు తెలిసిన ముసలమ్మని మరిచిపోయిన చరిత్ర, కావలసొచ్చినప్పుడు ఆమెని అమ్మకానికి తయారుచేసుకుంది!

ఇవాళ్టి లీతా పూజలు కూడా ఎక్కువగా ఇరవయ్యో శతాబ్దంలో తయారయినవే. పాత ఇంగ్లిష్ నెలల పేర్లలో లీతా ఉందని 725లో బీడ్ రాశాడు. దాన్ని పండుగ పేరుగా మార్చింది 1974లో ఆడన్ కెల్లీ అనే అమెరికన్. మంత్రవిద్యా చట్టం 1951లో రద్దయ్యాక జెరాల్డ్ గార్డ్‌నర్ 1954లో విక్కా గురించి రాశాడు. ఏ మొక్కకి ఏ గ్రహం అన్న జాబితాలు చాలావరకు పదిహేడో శతాబ్దపు కల్పెపర్ మూలికా గ్రంథం నుంచి దిగుతూ వచ్చాయి. 1971లో లాస్ ఏంజెలెస్‌లో జుజన్నా బుడాపెస్ట్ స్త్రీలకు మాత్రమే అని ఒక వలయం పెట్టింది. 1975లో జాతకం చెప్పిందని ఆమెని అరెస్టు చేశారు. ఇవి ప్రాచీనం కావు కాబట్టి బూటకం అనే వాళ్ళతో నాకు పేచీ ఉంది. బతుకమ్మలో ఇవాళ పాడే పాటలన్నీ పాతవా? స్త్రీలకి తమ పండుగ తాము కట్టుకునే హక్కు ఉంది. దానికి కాలిపోయిన వాళ్ళని అమ్మమ్మలుగా తెచ్చుకుని, వాళ్ళు ఎన్నడూ చెప్పని మాటలు వాళ్ళ నోట పెట్టడం దగ్గరే నా అభ్యంతరం. వాళ్ళలో చాలామంది తాము మంత్రగత్తెలం కామనే మొత్తుకున్నారు. కాలిఫోర్నియాలో ఒక స్త్రీ గర్వంగా మెడలో వేసుకునే ఈ మాట, బిహార్‌లో, జార్ఖండ్‌లో ఒక స్త్రీని కొట్టి చంపడానికి చాలు. బిహార్ 1999లో, జార్ఖండ్ 2001లో దీని మీద చట్టాలు తేవాల్సి వచ్చింది. మన పల్లెల్లో చేతబడి, బాణామతి అనే మాటలు ఏం చేశాయో వేరే చెప్పనక్కర్లేదు.

డెన్మార్క్‌లో జూన్ 23 సాయంత్రం సముద్రపొడ్డున మంటలు వేస్తారు. చాలాచోట్ల ఆ మంట మీద పాత గుడ్డలు తొడిగిన మంత్రగత్తె బొమ్మ పెడతారు. మంట పాతదే, బొమ్మ మాత్రం ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో వచ్చిన అలవాటు. పిల్లలు చప్పట్లు కొడతారు. 2011లో సరిగ్గా అదే తేదీన నార్వే ఉత్తర కొసన, వార్డో దీవిలో, స్టెయిల్‌నెసెట్ స్మారకాన్ని ప్రారంభించారు. పీటర్ జుంథోర్, లూయిజ్ బూర్జ్వా కలిసి చేసిన పని అది. ప్రారంభం నాటికి బూర్జ్వా లేదు, అంతకు ముందు ఏడాదే పోయింది. గాజు గదిలో ఒక ఇనప కుర్చీ, దానిలోంచి ఆరకుండా లేచే మంట, చుట్టూ అద్దాలు. పక్కనే పొడుగాటి చీకటి దారిలో తొంభై ఒక్క చిన్న కిటికీలు, ఒక్కొక్క కిటికీకి ఒక దీపం. ఫిన్‌మార్క్‌లో పదిహేడో శతాబ్దంలో చంపిన తొంభై ఒక్క మందికి అవి. డెబ్భై ఏడుగురు స్త్రీలు, పద్నాలుగు మంది పురుషులు. ప్రతి దీపం పక్కన పట్టుగుడ్డ మీద ఒక పేరు, ఆ మనిషి మీద మోపిన నేరం, కోర్టు కాగితాల్లో ఎలా ఉంటే అలా.