కాతిబ్ చెయ్యి

ఉర్దూలో మొహబ్బత్ అనే మాటకు నాలుగు అక్షరాలు. మీమ్, హే, బే, తే. ఇవాళ సెల్‌ఫోన్‌లో నస్తలీఖ్ లిపిలో ఆ మాట కొడుతుంటే ఒక చిత్రం జరుగుతుంది. మీమ్ నొక్కితే అది గీత మీద ఒంటరిగా కూర్చుంటుంది. హే నొక్కగానే మీమ్ తోక ముడుచుకుని పైకి జరుగుతుంది. బే, తే వచ్చేసరికి ముందువి ఇంకా పైకెక్కి, మాటంతా కుడి నుంచి ఎడమకు ఏటవాలుగా దిగి గీత మీద వాలుతుంది. తెర వెనక ఎవరో కూర్చుని కలంతో రాస్తున్నట్టే ఉంటుంది.

ఆ ఎవరో ఎవరన్నదే మా ప్రశ్న.

మేము తెలుగులో రాసుకునే ముస్లింలం. మాలో కొందరికి ఉర్దూ ఇంటి మాటే గానీ లిపి రాదు. కొందరం చిన్నప్పుడు మసీదులో అరబ్బీ అక్షరాలు కూడబలుక్కుని అక్కడితో ఆగిపోయాం. దూదేకుల ఇళ్ళలో చాలామందికి ఉర్దూ మాటే లేదు. అయినా ఆ వంపు అక్షరాలు ఎక్కడ కనపడినా వాటిని మా ఖాతాలోనే వేస్తారు. యంత్రానికి లొంగని లిపి అన్న మాటా, కాలంతో నడవని కౌమ్ అన్న మాటా పక్కపక్కనే వినపడుతుంటాయి. అందుకే ఈ చరిత్ర మాకు అక్షరాల ముచ్చట మాత్రమే కాదు.

నస్తలీఖ్ 14వ శతాబ్దంలో ఇరాన్‌లో రూపుదిద్దుకుంది. మీర్ అలీ తబ్రీజీని దాని ఆద్యుడిగా చెప్తారు. ఖురాన్ అచ్చుల్లో కనిపించే నస్ఖ్ లిపి గీత మీద బుద్ధిగా నడుస్తుంది. నస్తలీఖ్ అలా కాదు, ప్రతి మాటా పైనుంచి కిందికి జారుతుంది. ఒకే అక్షరం ముందూ వెనకా ఉన్న అక్షరాలను బట్టి రూపం మార్చుకుంటుంది, ఎత్తు మార్చుకుంటుంది. గుణింతాలకూ ఒత్తులకూ సీసం పోతపోయడానికి తెలుగు అచ్చు ఎంత తంటాలు పడిందో తెలిసినవాళ్ళకు ఈ కష్టం అర్థమవుతుంది. ఇది అంతకు ఎన్నో రెట్లు.

కష్టమైనా ప్రయత్నాలు జరిగాయి. కలకత్తాలో 1800లో పెట్టిన ఫోర్ట్ విలియం కాలేజీ కోసం ఉర్దూ పుస్తకాలను నస్తలీఖ్ సీసపు అక్షరాలతో అచ్చువేశారు. కానీ కాతిబ్ రాతకు అలవాటుపడ్డ పాఠకుడి కంటికి అవి ఆనలేదు. దారి చూపింది రాయి. జర్మనీలో 1796లో సెనెఫెల్డర్ కనిపెట్టిన లిథో పద్ధతిలో అక్షరాలు పోతపోసే పనే లేదు. కాతిబ్ జిడ్డు సిరాతో పూత కాగితం మీద రాస్తే ఆ రాత రాతిమీదికి ఎక్కుతుంది, రాతి నుంచి వందల ప్రతులు. యంత్రమూ చెయ్యీ కలిసి పనిచేశాయి. 1858లో లక్నోలో ప్రెస్సు పెట్టి ఉర్దూ, ఫార్సీ గ్రంథాలతో పాటు ఖురాన్‌ను కూడా లిథోలో అచ్చువేసి ఊరూరికీ చేర్చినవాడు మున్షీ నవల్ కిశోర్. ఆయన హిందువు. ఈ లిపిని ఒక్క మతానికి కట్టేసేవాళ్ళకు ఆ పేరు ఎందుకు గుర్తురాదో ఆలోచించాలి.

హైదరాబాదు రాజ్యంలో 1880లలో ఫార్సీ స్థానంలో ఉర్దూ ప్రభుత్వ భాష అయింది. 1918లో ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది. దఫ్తర్లు, పాఠ్యపుస్తకాలు, పత్రికలు. వీటన్నిటి వెనకా కాతిబ్ ఉన్నాడు. తెల్లారేసరికి పత్రిక గుమ్మంలో పడాలంటే రాత్రంతా కాతిబులు వరుసగా కూర్చుని రాయాలి. 1948 తర్వాత దఫ్తరు నుంచీ విశ్వవిద్యాలయం నుంచీ ఉర్దూ వెనక్కి తగ్గినా, పత్రికల్లో కితాబత్ ఇంకో నలభై ఏళ్ళకు పైగా నడిచింది. చెన్నైలో 1927లో పుట్టిన ముసల్మాన్ పత్రిక ఈ శతాబ్దంలోకి కూడా చేతిరాతతోనే వచ్చింది.

కాతిబ్‌ను మనం ఎట్లా చూశాం? షాయర్ పేరు అట్ట మీద, కాతిబ్ పేరు ఉంటే చివరి పేజీ మూలన. మాట తప్పు పడితే మాత్రం తప్పు కాతిబ్‌దే. ఉర్దూలో కాతిబుల మీద ఉన్నన్ని హాస్యోక్తులు ఇంకే పనివాడి మీదా ఉండవేమో. నవాబుల తహజీబ్ గురించి పేజీలు నింపిన చరిత్రలో, ఆ పేజీలు రాసిన కూలి చెయ్యికి చోటు లేదు. ఇది బయటివాళ్ళు చేసిన అన్యాయం కాదు, మనదే.

1981లో ఆ చెయ్యి యంత్రంలోకి వెళ్ళింది. ఢిల్లీలో పుట్టి కరాచీలో స్థిరపడ్డ మీర్జా అహ్మద్ జమీల్, బ్రిటన్‌లోని మోనోటైప్ కంపెనీతో కలిసి నూరీ నస్తలీఖ్ తయారుచేశాడు. అక్షరాలను విడివిడిగా ఇస్తే కంప్యూటర్ వాటిని వాలుగా కలపలేదు. అందుకని ఆయన ఇరవై వేల దాకా అక్షర సంపుటులను ఒక్కొక్కటిగా చేత్తో రాశాడు. ఆ ఏడాదే లాహోర్‌లో జంగ్ పత్రిక వాటితో వెలువడింది. 1994లో ఢిల్లీలో తయారైన ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ దాన్ని మామూలు కంప్యూటర్లలోకి తెచ్చింది. యంత్రం రాస్తున్నట్టు కనపడేదంతా ఒక మనిషి ముందే రాసిపెట్టిందే.

దాంతో కాతిబులకు పని పోయింది. కొందరు కంప్యూటర్ నేర్చుకున్నారు. కొందరు బోర్డులకూ పెళ్ళి రుఖ్ఖాలకూ మళ్ళారు. హైదరాబాదు ఛత్తా బజారులో రుఖ్ఖాలు అచ్చువేసే దుకాణాల మధ్య ఆ వృత్తి కొన్నాళ్ళు తలదాచుకుంది.

అయినా కథ ముగియలేదు. ఇంటర్నెట్ వచ్చాక నస్తలీఖ్ మళ్ళీ గుమ్మం బయటే నిలబడింది. ఉర్దూ పత్రికలు చాలాకాలం తమ పేజీలను బొమ్మలుగా పెట్టాల్సివచ్చింది. బొమ్మలో మాటను వెతకలేం, పంపుకోలేం. ఫోన్లు ఉర్దూను నస్ఖ్‌లో చూపిస్తే జనం రోమన్ లిపిలో రాసుకోవడం మొదలుపెట్టారు. గూగుల్ 2014లో నోటో నస్తలీఖ్ ఇచ్చింది. ఆపిల్ ఫోన్లలోకి నస్తలీఖ్ 2017లో గానీ రాలేదు. లిపి మారలేదు. దాని పొందికను లెక్కగట్టే ఓపిక యంత్రానికి ఆలస్యంగా వచ్చింది, అంతే. రెండు వందల ఏళ్ళు వెనకబడింది యంత్రం. నింద మోసింది లిపి.

మేము చెప్పేది ఇదే. ఒక అచ్చుమూస తయారుచేసి, అందులో ఇమడని వాళ్ళందరినీ వెనకబడ్డవాళ్ళని అనడం అక్షరాల దగ్గర ఆగే అలవాటు కాదు. అలాగని నస్తలీఖ్ చదవగలిగినవాడే అసలు ముసల్మాన్ అంటే దానికీ మేము ఒప్పుకోం. అది ఇంకో అచ్చుమూస. తెలుగే అమ్మభాషగా నమాజు చేసుకునే దూదేకుల మనిషి ఎవరికీ తక్కువ కాదు.

ఇకమీదట తెరమీద ఒక ఉర్దూ మాట దానంతటదే రాసుకుపోతున్నట్టు కనపడితే, చదవడం రాకపోయినా కాస్త ఆగి చూద్దాం. అది సాఫ్ట్‌వేర్ మాయ కాదు. రాత్రుళ్ళు కళ్ళు పోగొట్టుకుని రాసిన కాతిబుల చెయ్యి అది. పేజీ మూలన కూడా పేరు మిగలని చెయ్యి.