రిజిస్టరులో మన పేరు: నర్సుల చట్టానికి నూరేళ్లు

మద్రాసు ప్రెసిడెన్సీలో 1926లో నర్సుల, మిడ్‌వైఫుల చట్టం వచ్చింది. దేశంలో నర్సులకంటూ ఒక రిజిస్టరు, దాన్ని చూసుకోవడానికి ఒక కౌన్సిలు ఏర్పడడం అదే మొదలు. గుంటూరు, నెల్లూరు, బెజవాడ, విశాఖ, కర్నూలు అన్నీ అప్పుడు మద్రాసు కిందే కాబట్టి అది పుట్టుకతోనే మన చట్టం. ఆ తర్వాత రాష్ట్రాలు మారాయి, రాజధానులు మారాయి. చట్టం పేరుకు ముందు ఆంధ్రప్రదేశ్ చేరింది, మధ్యలో ఆగ్జిలరీ నర్సులు, హెల్త్ విజిటర్లు చేరారు. చివరనున్న 1926 మాత్రం అలాగే నిలిచింది. ఈ ఏటితో దానికి నూరేళ్లు. ప్రత్యేక సంచిక తెస్తున్నాం, పాత సంగతులు తెలిసినవాళ్లు రాయాలని కమిటీవారు అడిగారు. సిస్టర్ ట్యూటరుగా బతుకంతా ఈ పనిలోనే గడిచింది కనుక సంతోషంగా ఒప్పుకున్నాను.

నర్సుకు రిజిస్ట్రేషన్ ఎందుకన్న వాదన మనకంటే ముందు ఇంగ్లండులో చాలాకాలం నడిచింది. మనం ఏటా మే 12న దీపాలు వెలిగించి తలచుకునే ఫ్లోరెన్స్ నైటింగేల్ దానికి వ్యతిరేకి. పరీక్షలు, జాబితాలు నర్సు గుణాన్ని కొలవలేవని ఆమె నమ్మకం. ఎథెల్ బెడ్‌ఫర్డ్ ఫెన్విక్ దీనికి ఎదురు నిలిచారు. జబ్బుమనిషి తన ప్రాణం ఎవరి చేతుల్లో పెడుతున్నాడో తెలుసుకునే దారి ఉండాలని ఆమె పట్టు. 1887లో సంఘం పెట్టి మొదలుపెట్టిన పోరాటం 1919లో చట్టమయింది, అక్కడి రిజిస్టరులో మొదటి పేరు ఆమెదే. న్యూజిలాండ్ అయితే 1901లోనే ఆ పని చేసింది. నైటింగేల్ అన్నది కొట్టిపారేయదగ్గ మాట కాదు. అయినా మన దేశంలో, మన ఊళ్లలో, ఫెన్విక్ దారే మనల్ని కాపాడిందని నేను గట్టిగా నమ్ముతాను. గుణం ఉన్నా కాగితం లేని ఆడపిల్ల మాటకు ఇక్కడ విలువ ఉండేది కాదు.

చట్టం రాకముందే మన జిల్లాల్లో నర్సులు తయారవుతున్నారు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1898లో ఆడవాళ్ల ఆసుపత్రి తెరిచారు. ఆమెకు తోడుగా వచ్చిన నర్సు కేథరీన్ ఫాస్ స్థానిక అమ్మాయిలను చేరదీసి పని నేర్పారు. అలాగే నెల్లూరు, రాజమండ్రి, పిఠాపురం, నంద్యాల, జమ్మలమడుగు, మెదక్, డోర్నకల్, హనుమకొండ మిషన్ ఆసుపత్రులు, గుంటూరులో జె.ఎం.జె. సిస్టర్ల సెయింట్ జోసెఫ్స్. వీటిలో ఏ ఒక్క పేరు వదిలినా అన్యాయమే. దాతల్లో ఏలూరు జమీందారు భుజంగరావు గారిని తలుచుకోకుండా ముందుకు పోలేను. కుగ్లర్ ఆసుపత్రికి వచ్చే రోగుల బంధువులు వండుకుని, ఉండడానికి ఆయన సత్రం కట్టించారు. తమ వంట తాము వండుకునే వీలు లేక ఆసుపత్రి గడప తొక్కని కులాలు అనేకం ఉన్న కాలంలో, ఆ సత్రం ఒక వార్డుతో సమానం.

ఈ ఆసుపత్రుల నర్సింగ్ స్కూళ్లలో మొదట చేరినవాళ్లు ఎక్కువగా క్రైస్తవ కుటుంబాల పిల్లలు, చిన్నతనంలోనే భర్త పోయినవాళ్లు, దిక్కులేనివాళ్లు. మలమూత్రాలు ఎత్తే పని, రాత్రి డ్యూటీ, పరాయి మగవాడి ఒంటి మీద చెయ్యి వేయడం: ఈ మూడు చాలు, సంబంధాలు వెనక్కి పోవడానికి. ఆ పిల్లల పేర్లు ప్రభుత్వ రిజిస్టరులోకి ఎక్కడం ఎంత పెద్ద మార్పో ఈనాటి పిల్లలకు చెప్పినా అందదేమో. అందులో పేరు, శిక్షణ పొందిన ఆసుపత్రి, పాసైన సంవత్సరం, ఒక నంబరు. పొలం పట్టాలో, రేషను కార్డులో ఆడమనిషి ఫలానావారి భార్య. ఈ పుస్తకంలో మాత్రం తన చదువుతో తాను ఉంది. పెళ్లయి ఇంటిపేరు మారినా నంబరు మారదు.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన పరిస్థితి ఏమిటో 1946 నాటి భోర్ కమిటీ నివేదిక చెబుతుంది. బ్రిటిష్ ఇండియా మొత్తం మీద సుమారు 7,000 మంది నర్సులు, అంటే 43,000 మందికి ఒకరు. ఏ రాష్ట్రం పద్ధతి ఆ రాష్ట్రానిది. 1947 డిసెంబరులో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది, 1949లో కౌన్సిలు ఏర్పడింది. ఏ చదువుకు గుర్తింపు ఇవ్వాలో అది తేలుస్తుంది, పేరు నమోదు చేసేది రాష్ట్ర కౌన్సిలు. ఈ రెండు తాళాలూ తీస్తేనే తలుపు తెరుచుకుంటుంది. మన ఆసుపత్రుల్లో ఇన్నేళ్లు చాకిరీ చేసిన మలయాళీ సిస్టర్లు ఇక్కడికి రాగలిగినా, మన పిల్లలు ఢిల్లీకి, గల్ఫ్‌కు, లండన్‌కు పోగలిగినా ఈ ఏర్పాటు వల్లే.

ఇక నాకు ఈ పని నేర్పిన మనిషి గురించి. మా సిస్టర్ ట్యూటర్ గారు బతికున్నన్నాళ్లూ తన పేరు అచ్చులో వేయొద్దనేవారు. ఆ మాట ఇప్పుడూ దాటను. ఆవిడ మిషన్ ఆసుపత్రిలో చదివి, మద్రాసులో రిజిస్టరైన మనిషి. ఆ సర్టిఫికెట్టును కుట్టుపని గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టె అడుగున ఉంచేవారు. పరీక్షల పనిమీద హైదరాబాదు వెళితే గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో పులిహోర పొట్లంతో వెళ్లి, బిల్లు పెట్టకుండా తిరిగొచ్చేవారు.

మిడ్‌వైఫరీ కేసుబుక్కు దగ్గర మాత్రం ఆవిడ రాజీ పడేవారు కాదు. చదివినవాళ్లకు తెలుసు: ఇరవై కాన్పులు మన చేత్తో చేయాలి, ప్రతిదీ రాయాలి. తల్లి వయసు, ఎన్నో కాన్పు, నొప్పులు మొదలైన వేళ, ఉమ్మనీరు పోయిన వేళ, బిడ్డ పుట్టిన వేళ, ఏడ్చిన వేళ, మాయ పడిన వేళ, బిడ్డ బరువు. కింద డ్యూటీ సిస్టరు సంతకం. మా బ్యాచ్ అమ్మాయి ఒకతె మూడు కేసులు ఒకే రోజు కూర్చుని, ఒకే సిరాతో నింపింది. మేడమ్ గారు పేజీని వెలుతురుకు పెట్టి చూసి, “ఏమ్మా, ఈ ముగ్గురు తల్లులూ నీకోసం కూడబలుక్కుని కన్నారా?” అని ఆ మూడు పేజీలూ అడ్డంగా కొట్టేశారు. ఆ పిల్ల ఏడుస్తూ మళ్లీ లేబర్ రూము డ్యూటీకి వెళ్లింది. “రేపు కోర్టులో నిలబెడితే నీ తరఫున మాట్లాడేది నేను కాదు, ఈ పుస్తకం” అన్నారు మాతో. నిబంధన అంటే ఏమిటో నాకు అర్థమయింది చట్టం చదివి కాదు, ఆ అడ్డగీత చూసి.

1956లో తెలుగు ప్రాంతాలు కలిశాక కొన్ని దశాబ్దాల పాటు చెప్పుకోదగ్గ మలుపులు లేవు. రిజిస్టర్లు నిండాయి, కొత్తవి కుట్టించారు. సిలబస్ రెండు మూడుసార్లు మారింది.

తర్వాత వచ్చింది ప్రైవేటు స్కూళ్ల కాలం. అందులో మంచివి ఉన్నాయి, వాటిలో చదివిన పిల్లలు ఇవాళ దేశదేశాల్లో పెద్ద బాధ్యతల్లో ఉన్నారు. కానీ ఒక స్కూలు సంగతి, పేరు రాయను, నా గుండెలో ముల్లులా ఉండిపోయింది. మేడ మీద రెండు గదులు, కింద పన్నెండు మంచాల నర్సింగ్ హోము. గుర్తింపు ‘వచ్చేస్తోంది’ అని చెప్పి పిల్లలను చేర్చుకున్నారు. పల్నాడు నుంచి, ప్రకాశం మెట్ట నుంచి వచ్చిన పిల్లలు. ఒకరి తండ్రి అరెకరం అమ్మాడు. కోర్సు అయిపోయింది, గుర్తింపు రాలేదు. గుర్తింపు లేని స్కూలు నుంచి వచ్చినవాళ్ల పేరు రిజిస్టరులోకి ఎక్కదు. చట్టం ప్రకారం అది సరైన పనే.

వాళ్లు ఎవరో చెబితే మా మేడమ్ గారి ఇంటికి వచ్చారు. ఆవిడ అప్పటికే రిటైరై ఉన్నారు, మోకాళ్ల నొప్పులు. నన్ను పిలిపించారు. వరండాలో చాప మీద ఆ పిల్లలు, వాళ్ల ఒళ్లో ప్లాస్టిక్ కవర్లలో కాగితాలు. వినుకొండ వైపు పిల్ల ఒకతె తన కేసుబుక్కు ఇచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రికి పోస్టింగుకు పంపినప్పుడు రాసుకున్నది. వేళలు వేరువేరు, సిరాలు వేరువేరు, ప్రతి పేజీకీ సంతకం. మేడమ్ గారు మొత్తం చదివి కళ్లజోడు తీసి, “పుస్తకంలో తప్పు లేదమ్మా, తప్పంతా నీ స్కూలుది” అన్నారు. చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

ఆ తర్వాత నెలల తరబడి ఆవిడ అర్జీలు రాయించారు, తెలిసిన ప్రిన్సిపాళ్లందరికీ ఉత్తరాలు పెట్టారు. కొందరు పిల్లలు మరో స్కూల్లో మొదటి సంవత్సరం నుంచి మళ్లీ చదివారు. స్టైపెండు లేదు, వయసు మించిపోతోందని ఇంట్లో గొడవ. వినుకొండ పిల్లకు ఆ స్తోమత లేదు. ఒక చిన్న ఊళ్లో నర్సింగ్ హోములో కుదిరింది. రిజిస్ట్రేషన్ లేదు కనుక సగం జీతం. పని మాత్రం పూర్తిగా రిజిస్టరైన నర్సుదే. ఆ స్కూలు యజమాని మీద చర్య తీసుకున్నట్లు నేను వినలేదు.

సంబరాల సంచికలో ఇలాంటివి రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. నూరేళ్ల చట్టాన్ని గౌరవిస్తున్నాను కాబట్టే రాస్తున్నాను. రిజిస్టరు వల్ల శిక్ష పడింది మోసపోయిన పిల్లకే. ఇవాళ ఏ తాలూకా ఊరికైనా వెళ్లి చూడండి. పది తప్పిన పిల్లకు మూడు నెలలు ఇంజెక్షన్ నేర్పి, యూనిఫారం తొడిగి ‘సిస్టర్’ అని పిలిచే చోట్లు కనిపిస్తాయి. మంచం మీది మనిషికి ఆ తేడా తెలిసే దారి లేదు. పెట్టుకున్న యజమానిని అడిగే నాథుడు లేడు. ఇంకోవైపు, నిజంగా రిజిస్టరైన నర్సు అసలు సర్టిఫికెట్లు ఉద్యోగంలో చేరిన రోజే తీసుకుని బీరువాలో పెట్టి, బాండు తీరేదాకా ఇవ్వని ఆసుపత్రులున్నాయి. రాష్ట్రం మన పేరున ఇచ్చిన కాగితం మరొకరి బీరువాలో తాకట్టు వస్తువైంది.

జీతాల మాటా అంతే. ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ వేసిన కేసులో 2016 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం కమిటీ వేసింది. 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రుల్లో ప్రభుత్వ నర్సుతో సమానంగా, 50 పడకల లోపు వాటిలో నెలకు కనీసం 20,000 రూపాయలు ఇవ్వాలని ఆ కమిటీ చెప్పింది. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు, మామూలు ఆసుపత్రిలో అయిదుగురికి ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. ఈ సంచిక చదివే స్టాఫ్ నర్సులు తమ వార్డులో రాత్రి డ్యూటీ లెక్క తామే వేసుకోగలరు.

మరొక వెలితి కూడా ఉంది. నర్సుల కౌన్సిలు అన్నమాటే గాని అందులో చాలాకాలం డాక్టర్లదే పెద్దమాట. మన పరీక్ష, మన శిక్షణ, మన క్రమశిక్షణ మీద మనకంటే ముందు వాళ్లు మాట్లాడేవారు. మా మేడమ్ గారు దీన్ని ఎన్నడూ బయట అనలేదు. కౌన్సిలు మీటింగు నుంచి వచ్చాక మాత్రం ఆ పూట ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవారు కాదు.

2014 జూన్‌లో రాష్ట్రం రెండయింది, కౌన్సిళ్లూ రెండయ్యాయి. అటు నంబరు ఉండి ఇటు ఉద్యోగం ఉన్నవాళ్లు కొంతకాలం కాగితాలతో తిరిగారు. తర్వాత కోవిడ్. 2021 మేలో బీఎస్సీ, జీఎన్ఎం పాసైన పిల్లలను పూర్తిస్థాయి కోవిడ్ డ్యూటీలకు తీసుకోవచ్చని, 100 రోజులు చేసినవాళ్లకు ప్రభుత్వ నియామకాల్లో ప్రాధాన్యం ఇస్తామని కేంద్రం ప్రకటించింది. పీపీఈ కిట్లలో చెమటతో తడిసి, అద్దింటి యజమానులు గడప తొక్కనివ్వకపోయినా డ్యూటీకి వెళ్లిన నా విద్యార్థినులు ఉన్నారు. అల తగ్గాక కాంట్రాక్టు ముగిసిందన్న కాగితం అందుకున్నవాళ్లూ వాళ్లలో ఉన్నారు.

2023 ఆగస్టులో నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. 1947 చట్టం స్థానంలో ఇది. దేశమంతటికీ ఒక ఆన్‌లైన్ రిజిస్టరు, నీతినియమాలకు, రిజిస్ట్రేషన్‌కు ప్రత్యేక బోర్డు, రాష్ట్రాల్లో కమిషన్లు. కమిషన్ అధ్యక్ష స్థానంలో నర్సింగ్‌లో పీజీ చేసి కనీసం 20 ఏళ్ల అనుభవం ఉన్న మనిషే ఉండాలని అందులో రాశారు. ఆ వాక్యం చదివిన రోజు మా మేడమ్ గారు ఉంటే బాగుండుననిపించింది. ఇవాళ దేశంలో నమోదైన నర్సింగ్ సిబ్బంది 33 లక్షలు దాటారు. ఆ అంకెలో చనిపోయినవాళ్లు ఎందరు, విదేశాల్లో ఉన్నవాళ్లు ఎందరు, పని మానేసినవాళ్లు ఎందరు అన్నది కొత్త రిజిస్టరు తేల్చాలి. ఎవరిని పెట్టుకున్నావని యజమానిని కూడా అది అడగగలిగితేనే వినుకొండ పిల్లలాంటివాళ్లకు మేలు.

చివరిగా కృతజ్ఞతలు. మద్రాసు కాలం నాటి లెడ్జర్లను చెదలు పట్టకుండా కాపాడిన గుమస్తాలకు, రికార్డు గది అటెండర్లకు. గౌరవవేతనం కోసం చూసుకోకుండా జిల్లాలు తిరిగిన ఎగ్జామినర్లకు. ఊళ్లలో సైకిల్ మీద, కాలినడకన కాన్పులు చేసిన ఏఎన్ఎంలకు, హెల్త్ విజిటర్లకు. హాస్టల్ వార్డెన్లకు, వంటవాళ్లకు. స్కూళ్లకు స్థలాలు, భవనాలు, గ్రంథాలయాలు ఇచ్చిన దాతలందరికీ. చోటు చాలక విడివిడిగా రాయలేకపోయాను, మన్నించాలి.

మీ అమ్మమ్మో, మేనత్తో, మీరో 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడకముందు మద్రాసులో రిజిస్టరై ఉంటే, ఆ సర్టిఫికెట్టు గాని కేసుబుక్కు గాని ఇంట్లో ఉంటే, దయచేసి ఫోటో తీసి కమిటీకి పంపండి. అసలు కాగితం మాత్రం ఎవరికీ ఇవ్వకండి, మీ దగ్గరే ఉంచుకోండి.