బొటనవేలి కింద మౌస్: స్టీమ్ కంట్రోలర్‌పై తొలి వాడుకరుల తీర్పు

టీవీకి తగిలించుకుని ఆడే గేమ్ కన్సోల్‌ను కొన్నవారికి దాని కంట్రోలర్ కూడా అదే పెట్టెలో వస్తుంది. ఆ యంత్రానికి ఆటలు తయారుచేసే వారందరూ ఆ ఒక్క కంట్రోలర్‌నే దృష్టిలో పెట్టుకుని పనిచేస్తారు. పర్సనల్ కంప్యూటర్ విషయంలో ఇటువంటి ఏర్పాటు ఏనాడూ లేదు. లెక్కల కోసం, ఉత్తరాల కోసం పుట్టిన ఆ యంత్రానికి కీబోర్డు పుట్టుకతోనే వచ్చింది, మౌస్ కొంతకాలానికి తోడైంది, గేమ్ కంట్రోలర్ మాత్రం విడిగా కొనుక్కోవలసిన అదనపు వస్తువుగానే మిగిలిపోయింది. అందువల్ల పీసీ కోసం తయారైన ప్రతి కొత్త కంట్రోలరూ బల్లమీద అప్పటికే ఉన్న కీబోర్డు మౌసులతో ఒకసారి, కన్సోళ్ల ద్వారా చేతులకు అలవాటైన కంట్రోలర్లతో మరొకసారి పోల్చి చూడబడింది. ఈ రెండు పోలికల మధ్య ఒక కొత్త సాధనం ఎలా నలిగిందో, ఎలా రూపుదిద్దుకున్నదో తెలుసుకోవడానికి అమెరికాకు చెందిన వాల్వ్ సంస్థ 2013లో ప్రకటించి 2015లో విడుదల చేసిన స్టీమ్ కంట్రోలర్ చరిత్ర ఎంతగానో ఉపకరిస్తుంది. ఎందుకంటే దాని తయారీదారులు పని పూర్తికాకముందే దానిని వాడుకరుల చేతికిచ్చి, వారి మాటలను బట్టి దాని రూపాన్నే మార్చుకుంటూ పోయారు.

1981లో వెలువడిన ఐబీఎం పీసీకి ఆట సాధనాలను కలపడానికి ఒక ప్రత్యేకమైన కార్డును అదనంగా అమ్మేవారు. గేమ్ పోర్ట్‌గా పేరు పొందిన దాని 15 పిన్నుల సాకెట్‌కు రెండు జాయ్‌స్టిక్కులను తగిలించవచ్చు. రెండింటికీ కలిపి నాలుగు దిశా సంకేతాలు, నాలుగు బటన్లు మాత్రమే దక్కేవి. జాయ్‌స్టిక్ లోపల ఉండే విద్యుత్ నిరోధకం కర్ర వంగినకొద్దీ మారుతుంది; ఆ మార్పును కంప్యూటర్ నేరుగా కొలవలేదు కాబట్టి, ఒక చిన్న సంకేతం ముగియడానికి పట్టే కాలాన్ని ప్రోగ్రామే లెక్కపెట్టి, ఆ కాలాన్ని బట్టి కర్ర ఎంత వంగిందో నిర్ణయించేది. ఈ లెక్క ప్రాసెసర్ వేగం మీద ఆధారపడేది గనుక ఒక కంప్యూటర్‌లో సరిగ్గా పనిచేసిన ఆట దానికంటే వేగమైన మరొక కంప్యూటర్‌లో తడబడేది. ఆట మొదలుపెట్టే ముందు కర్రను ఒక మూలకు నెట్టి బటన్ నొక్కమని, తర్వాత ఎదురు మూలకు నెట్టమని కోరే ‘కాలిబ్రేషన్’ తంతు, అంటే కొలతను సరిచేసుకునే పని, ఆ తరం వారికి బాగా గుర్తుండే విషయం.

కెనడాకు చెందిన గ్రావిస్ సంస్థ 1991లో తెచ్చిన పీసీ గేమ్‌ప్యాడ్ విమానపు కర్రను పోలిన జాయ్‌స్టిక్ స్థానంలో రెండు చేతులతో పట్టుకునే పలుచని ప్యాడ్‌ను కంప్యూటర్‌కు పరిచయం చేసింది. అయినా పాత అలవాటును విడవలేని వారి కోసం దిశల బటన్ మధ్యలో బిగించుకునే చిన్న కర్రను కూడా దానితోపాటు ఇచ్చింది. 1990ల మధ్యలో మైక్రోసాఫ్ట్ సైడ్‌వైండర్ శ్రేణి, ఆ వెనుక యూఎస్‌బీ రావడంతో సాకెట్ చిక్కులు చాలావరకు తీరిపోయాయి. ఏ బటన్ ఏ పని చేయాలన్న చిక్కు మాత్రం తీరలేదు. ఒక కంపెనీ ప్యాడ్‌లో మొదటి బటన్ మరొక కంపెనీ ప్యాడ్‌లో మూడోది కావచ్చు; ఆట దానిని ‘బటన్ 3’ అని మాత్రమే గుర్తించగలదు.

ఈలోగా కంప్యూటర్ ఆటలు వేరొక దారిలో చాలా దూరం వెళ్లిపోయాయి. 1996లో వచ్చిన క్వేక్ వంటి ఆటలలో ఎడమచేయి కీబోర్డు మీద నడకను, కుడిచేయి మౌస్ మీద చూపును నడిపించే పద్ధతి స్థిరపడింది. మౌస్‌కు ఉన్న బలం ఎక్కడిదో ఇక్కడ వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే స్టీమ్ కంట్రోలర్ కథకు మూలం అదే. మౌస్‌ను బల్లమీద ఎంత దూరం జరిపితే తెరమీద చూపు అంత మేరకు తిరుగుతుంది, చేయి ఆగిన చోట చూపూ ఆగుతుంది. దీనిని స్థాన నియంత్రణ అనవచ్చు. కంట్రోలర్ మీది బొటనవేలి కర్ర, అంటే అనలాగ్ స్టిక్, అలా పనిచేయదు. దానిని ఎంత వంచితే అంత వేగంతో చూపు తిరగడం మొదలవుతుంది, వంచి పట్టుకున్నంతసేపూ తిరుగుతూనే ఉంటుంది. ఇది వేగ నియంత్రణ. గురి పెట్టవలసిన చోట మొదటి పద్ధతికి ఉన్న కచ్చితత్వం రెండో పద్ధతికి రాదు. కన్సోల్ ఆటలు గురిని లక్ష్యం వైపు కొద్దిగా లాగే లోపలి సహాయంతో ఆ లోటును పూడ్చుకున్నాయి. వందలాది సైనికులను ఒక్కొక్కరిగా ఎంచుకోవలసిన వ్యూహాత్మక ఆటలకు ఆ సహాయం కూడా అక్కరకు రాలేదు, అందువల్ల అవి బల్లకే పరిమితమయ్యాయి.

2005లో ఎక్స్‌బాక్స్ 360 కన్సోల్ వచ్చినప్పుడు దాని కంట్రోలర్‌ను విండోస్ కంప్యూటర్లకు కూడా కలపగలిగేలా మైక్రోసాఫ్ట్ ఏర్పాటు చేసింది. దానితోపాటు బటన్లన్నింటినీ ఒకే తీరుగా గుర్తించే ఎక్స్‌ఇన్‌పుట్ అనే సాఫ్ట్‌వేర్ పద్ధతిని ప్రవేశపెట్టింది. పావు శతాబ్దంగా ఉన్న గందరగోళం దీనితో ముగిసింది. ఆటలో తెరమీద పచ్చని ‘ఏ’ గుర్తు కనిపిస్తే చేతిలోని పచ్చని ‘ఏ’ బటన్ నొక్కితే చాలు, సెట్టింగుల జోలికి పోనక్కరలేదు. ఈ మేలును తక్కువ చేసి చూడకూడదు. అయితే అదే మేలు మరొక పని కూడా చేసింది: రెండు స్టిక్కులు, నాలుగు రంగు బటన్లు, ఒక దిశల బటన్, రెండు ట్రిగ్గర్లు ఉంటేనే అది కంట్రోలర్ అనే భావన కోట్లాది చేతులలో పాతుకుపోయింది.

మైక్రోసాఫ్ట్‌లో పనిచేసి బయటికి వచ్చిన గేబ్ న్యూవెల్, మైక్ హారింగ్టన్‌లు 1996లో స్థాపించిన వాల్వ్, 2003లో ప్రారంభించిన స్టీమ్ ద్వారా ఆటలను ఇంటర్నెట్‌లో అమ్ముతూ, ఆ దశాబ్దం ముగిసేసరికి పీసీ ఆటల అంగడిలో అగ్రస్థానానికి చేరింది. 2012లో విండోస్ 8 తన సొంత యాప్ స్టోర్‌తో రావడం న్యూవెల్‌కు ఆందోళన కలిగించింది. మరొకరి ఆపరేటింగ్ సిస్టమ్ మీద తన వ్యాపారమంతా ఆధారపడి ఉందన్న ఎరుకతో వాల్వ్ 2013 సెప్టెంబరు చివరి వారంలో లైనక్స్ ఆధారిత స్టీమ్‌ఓఎస్‌ను, టీవీ ముందు పెట్టుకునే స్టీమ్ మెషీన్ కంప్యూటర్లను, స్టీమ్ కంట్రోలర్‌ను వరుసగా ప్రకటించింది. కీబోర్డు, మౌస్ కోసమే తయారైన వేలాది పాత ఆటలను సోఫాలో కూర్చుని ఆడటం సాధ్యం కావాలంటే మౌస్ పని చేయగల కంట్రోలర్ కావాలి. ఆ అవసరమే దానిని పుట్టించింది.

2013లో ప్రకటించిన రూపంలో అనలాగ్ స్టిక్ ఒక్కటి కూడా లేదు. వాటి స్థానంలో బొటనవేళ్ల కింద రెండు పెద్ద గుండ్రని ట్రాక్‌ప్యాడ్‌లు, అంటే వేలి కదలికను గుర్తించే స్పర్శ ఫలకాలు, మధ్యలో ఒక చిన్న టచ్‌స్క్రీన్, మొత్తం 16 బటన్లు ఉండగా, వాటిలో సగం బొటనవేళ్లను ప్యాడ్‌ల మీదినుంచి ఎత్తకుండానే అందేవి. నున్నని ఫలకం మీద వేలికి ఆనవాలు దొరకదు గనుక ఒక్కొక్క ప్యాడ్ కింద విద్యుదయస్కాంతంతో కదిలే చిన్న బరువును అమర్చారు. సాధారణ కంట్రోలర్లలో ఒరిగిన బరువును తిప్పి మొత్తం పరికరాన్ని అదిరించే మోటారుకు భిన్నంగా, ఇది వేలు జరిగినకొద్దీ సన్నని టిక్కుల వంటి స్పర్శను కలిగించేది. వేలితో విసిరితే ప్యాడ్ లోపల బంతి ఏదో దొర్లి మెల్లగా ఆగినట్లు తోచడం దానివల్లనే సాధ్యమైంది.

బయటివారిలో ముందుగా దీనిని చేతపట్టినది కొందరు ఆటల రూపకర్తలు. సూపర్ మీట్ బాయ్ అనే ఆట రూపకర్తలలో ఒకరైన టామీ రెఫెనెస్ 2013 అక్టోబరులో తన అనుభవాన్ని ప్రచురించారు. వెంట్రుకవాసి తేడాతో గెంతవలసిన ఆట అది. అటువంటి ఆటను కూడా ఈ కంట్రోలర్‌తో ఆడగలిగానని, ఆరంభం బాగుందని, మెరుగుదల అవసరమని, అయితే ఎంచుకోమంటే ఎక్స్‌బాక్స్ 360 కంట్రోలర్‌నే ఎంచుకుంటానని ఆయన అభిప్రాయం. ఆ తర్వాతి పదేళ్లలో ఈ సాధనం గురించి వెలువడిన మాటలన్నింటి సారం ఈ ఒక్క అభిప్రాయంలోనే కనిపిస్తుంది: పని జరుగుతుంది, కాని చేయి పాతదానినే కోరుతుంది.

2013 డిసెంబరులో 300 మంది అమెరికన్ వాడుకరులకు పరీక్ష కోసం పంపిన కంట్రోలర్లలో టచ్‌స్క్రీన్ గాని, వైర్‌లెస్ సౌకర్యం గాని లేవు. ఆ మరుసటి నెలలో, సియాటెల్‌లో జరిగిన రూపకర్తల సమావేశంలోనే, టచ్‌స్క్రీన్‌ను పూర్తిగా విడిచిపెడుతున్నట్లు వాల్వ్ తెలియజేసింది. చెదురుగా ఉన్న ఏ, బీ, ఎక్స్, వై బటన్లు 2014 మార్చి నాటికి కుడిపక్కన అందరికీ తెలిసిన కూర్పులో చేరాయి. ఆడి చూస్తున్నవారి నుంచి వస్తున్న సూచనలు ఎక్కువగా ఉన్నందున విడుదలను 2015కు వాయిదా వేస్తున్నట్లు మే నెలలో ప్రకటన వచ్చింది. 2015 మార్చిలో చివరి రూపం బయటపడేసరికి ఎడమవైపు అనలాగ్ స్టిక్ తిరిగివచ్చి కూర్చుంది. వాడుకరుల ప్రతి ఫిర్యాదూ న్యాయమైనదే కావచ్చు, కాని ఏడాదిన్నరలో జరిగిన మార్పులన్నీ ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ దిశగానే సాగడం గమనించదగినది. ట్రాక్‌ప్యాడ్‌లను మాత్రం సంస్థ వదులుకోలేదు. ఈ పట్టుదలే లేకపోతే చరిత్రలో చెప్పుకోవడానికి ఏమీ మిగిలేది కాదు.

2015 నవంబరు 10న 49.99 డాలర్ల ధరకు స్టీమ్ కంట్రోలర్ మార్కెట్‌లోకి వచ్చింది; ముందుగా డబ్బు కట్టినవారికి అక్టోబరులోనే అందింది. తొలి వారాల అభిప్రాయాలు రెండుగా చీలిపోయాయి, ఆ చీలికకు కారణం మనుషుల అభిరుచి కంటే వారు ఎంచుకున్న ఆట. సివిలైజేషన్ వంటి వ్యూహాత్మక ఆటలను, కంట్రోలర్‌నే ఎరుగని పాత ఆటలను టీవీ ముందు కూర్చుని ఆడగలిగినవారు దీనిని గొప్ప ముందడుగుగా భావించారు. గెంతే ఆటలు, పోరాట ఆటలు ఆడేవారికి ఎడమ ప్యాడ్ దిశల బటన్‌గా సరిపోలేదు. చూడకుండానే వేలికి తెలియవలసిన అంచులు దానికి లేవు. తుపాకీ ఆటలలో కుడి ప్యాడ్‌ను చాలామంది స్టిక్ మాదిరిగా ఒక పక్కకు నొక్కి పట్టుకుని, చూపు ఎందుకు ఆగిపోయిందో తెలియక విసిగిపోయారు. వారి బొటనవేలు వేగ నియంత్రణ నేర్చిన వేలు. ప్యాడ్ ఇచ్చింది స్థాన నియంత్రణ.

మరొక బరువు సెట్టింగులది. ప్రతి ఆటకూ ప్రతి బటన్, ప్రతి ప్యాడ్ ఎలా పనిచేయాలో వాడుకరే నిర్ణయించుకోగల స్వేచ్ఛ దీనిలో ఉంది. తెచ్చిన రోజే ఆట ఆడాలనుకున్నవారికి ఆ స్వేచ్ఛ శ్రమగా తోచింది. అయితే ఒకరు తయారుచేసిన కూర్పును స్టీమ్ ద్వారా అందరికీ పంచే ఏర్పాటు కూడా ఉండటంతో, ఓపిక ఉన్న కొద్దిమంది కష్టం మిగిలినవారికి ఉపయోగపడింది. ఆ కొద్దిమంది పంచిన పద్ధతులలో విలువైనది గైరో వాడకం. గైరో అంటే పరికరం ఎటు ఎంత ఒరిగిందో కొలిచే భాగం. బొటనవేలు కుడి ప్యాడ్‌ను తాకినప్పుడు మాత్రమే అది పనిచేసేలా అమర్చి, పెద్ద మలుపులను వేలితో, సూక్ష్మమైన గురిని మణికట్టుతో చేయడం నేర్చినవారు మౌస్‌కు దగ్గరి కచ్చితత్వాన్ని సాధించారు. మొదటి సమీక్షలలో ఎక్కువభాగం ఈ పద్ధతి వ్యాపించకముందే రాసినవి. అవి అబద్ధాలు కావు, కొద్దిరోజుల చేతులతో రాసిన నిజాలు. అదే వస్తువుపై కొన్ని నెలల తర్వాత రాసిన అభిప్రాయాలతో వాటిని కలిపి చదివితేనే పూర్తి చిత్రం దొరుకుతుంది.

2016 జూన్ నాటికి ఐదు లక్షలకు పైగా కంట్రోలర్లు అమ్ముడైనట్లు వాల్వ్ ప్రకటించింది. ఆ సంవత్సరం చివరలో, ఈ సెట్టింగుల వ్యవస్థను సోనీ వారి డ్యూయల్‌షాక్ 4 కంట్రోలర్‌కు కూడా వర్తింపజేయడంతో, స్టీమ్ కంట్రోలర్ కొననివారు సైతం దాని మేలును పొందారు. స్టీమ్ మెషీన్లు మాత్రం అంగడిలో నిలవలేదు. వాటికి తోడుగా పుట్టిన కంట్రోలర్‌ను 2019 నవంబరులో ఐదు డాలర్లకే అమ్మి, ఉత్పత్తిని ముగించారు. పరికరం వెనుక ఉన్న బటన్ల విషయంలో ఇతరుల పేటెంట్‌ను ఉల్లంఘించారంటూ 2021లో అమెరికా ఫెడరల్ కోర్టు జ్యూరీ వాల్వ్‌కు 40 లక్షల డాలర్ల నష్టపరిహారం విధించింది.

వ్యాపారపరంగా ఇది వైఫల్యమన్న మాటను అంగీకరించవలసిందే. సాధనంగా వైఫల్యమన్న మాటను అంగీకరించనక్కరలేదు. 2022 ఫిబ్రవరిలో వచ్చిన స్టీమ్ డెక్, అంటే చేతిలో పట్టుకుని ఆడే చిన్న కంప్యూటర్, రెండు స్టిక్కులనూ పూర్తి దిశల బటన్‌నూ ఇస్తూనే వాటి పక్కన రెండు ట్రాక్‌ప్యాడ్‌లను, గైరోను, వెనుక బటన్లను నిలుపుకున్నది. పాత అలవాటును వదలమని అడగకుండా కొత్తదానిని దాని పక్కన ఉంచడం వల్ల, 2015లో తిరస్కరించిన వేళ్లే నెమ్మదిగా ప్యాడ్‌ల వైపు వెళ్లగలిగాయి. వాల్వ్ 2025 నవంబరులో అదే స్టీమ్ కంట్రోలర్ పేరుతో కొత్త పరికరాన్ని ప్రకటించింది. 2013లో తొలగించిన స్టిక్కులు రెండూ, 2015లో విమర్శకు గురైన ట్రాక్‌ప్యాడ్‌లు రెండూ దానిలో ఉన్నాయి.