నీళ్ళు తాగే నాచు, నీళ్ళంటని దూది

మొదటి ప్రపంచ యుద్ధం అనగానే మనకి 1914, 1918, వెర్సాయ్ సంధి గుర్తొస్తాయి. పరీక్షకి అంతే చాలు. కానీ ఆ యుద్ధంలో గాయాలకి కట్టు కట్టడానికి దూది చాలక నాచు వాడారని మా పాఠంలో లేదు.

దూది ఎందుకు చాలలేదు? తుపాకీ మందు చేయడానికి కూడా పత్తే కావాలి. గాయం చేయడానికీ అదే, మాన్పడానికీ అదే! అప్పుడు ఎడిన్‌బరోలో కాత్‌కార్ట్ అనే సర్జన్, బాల్ఫర్ అనే వృక్షశాస్త్రవేత్త కలిసి స్ఫాగ్నమ్ నాచుని వాడమని చెప్పారు. (మనం చెరువు మీద తేలేదాన్నీ నాచే అంటాం, వానకి గోడకి పట్టేదాన్నీ నాచే అంటాం. ఇది రెండోదానికి చుట్టం.) దీనికి వేరు లేదు, పువ్వు లేదు, గింజ లేదు. ఆకుల్లో మాత్రం చచ్చిపోయిన ఖాళీ కణాలుంటాయి, వాటికి చిన్న చిన్న రంధ్రాలు. అందుకే ఎండిన నాచు తన బరువుకి ఇరవై రెట్ల దాకా నీళ్ళు పీలుస్తుంది. దాని ఆమ్ల గుణం వల్ల సూక్ష్మజీవులు కూడా తొందరగా పెరగవు. స్కాట్లాండ్, ఐర్లాండ్ పల్లెల్లో ఆడవాళ్ళు, పిల్లలు బురదలో దిగి దాన్ని ఏరారు. ఎండబెట్టి, పుల్లా పుడకా తీసి, గుడ్డ సంచుల్లో పెట్టి కుట్టారు. 1918 కల్లా బ్రిటన్‌లో నెలకి సుమారు పది లక్షల కట్లు తయారయ్యేవి. వాళ్ళ పేర్లు ఎవరూ బట్టీ పట్టరు.

తెల్ల బూరుగు దీనికి పూర్తిగా ఎదురు. తమిళంలో ఇలవం అంటారు, మా ఇంటి దిండులో ఉన్నది దాని దూదే. ఆకాశమంత చెట్టు. రాత్రిపూట పూస్తుంది, తేనెకి గబ్బిలాలు వస్తాయి. కాయ పగిలితే దూది. ఆ పోగు కూడా నాచు కణంలాగే లోపల బోలు, కానీ రంధ్రాల బదులు పైన మైనం పూత ఉంటుంది. నీళ్ళు లోపలికి పోవు, గాలి బయటికి రాదు. అందుకే ఓడల్లో వాళ్ళకి లైఫ్ జాకెట్లు దీనితో నింపేవారు.

సైన్సులో తేడాలు రాయమంటే మేము గీత గీసి ఇటు నాచు, అటు చెట్టు అని రాస్తాం. నాకైతే ఆ రంధ్రానికీ మైనానికీ ఉన్న తేడాయే అన్నిటికన్నా పెద్దదిగా కనిపించింది.

ఆ బూరుగు దూది ఎక్కువగా జావా నుంచి వచ్చేది. 1942లో జపాన్ జావాని పట్టుకుంది. అమెరికాకి దూది ఆగిపోయింది. అప్పుడు అక్కడి బడిపిల్లలు సంచులు పట్టుకుని పొలాల గట్ల మీద పడ్డారు. మన జిల్లేడుకి చుట్టమైన మిల్క్‌వీడ్ కాయలు కోయడానికి. రెండు సంచుల కాయలకి ఒక జాకెట్.