అకాలం, అకాల్

దాళ్వా కోతలప్పుడు తాడేపల్లిగూడెం చుట్టుపక్కల రైతులు భయంతో పలికే మాట ఒకటుంది: అకాల వర్షం. కళ్లంలో ఆరబోసిన ధాన్యం తడిసి మొలకొస్తుంది. ఆ వానే సార్వా నాట్లకు పడితే దండం పెట్టి కళ్లకద్దుకుంటాం. తప్పు వానది కాదు, వేళది. ఏలూరు సెంటర్లలో కుర్రవాడి ఫొటో వేసి కట్టిన ఫ్లెక్సీల మీదా ఇదే మాట: అకాల మరణం.

వ్యాకరణం ప్రకారం ఇది నఞ్ తత్పురుష సమాసం. తగిన కాలం కానిది అకాలం. ఇదే మాటను బహువ్రీహిగా విడదీస్తే అర్థం మారిపోతుంది. ఎవనికి కాలం లేదో, అంటే ఎవనికి చావు లేదో, అతడు అకాలుడు. సిక్ఖులు భగవంతుణ్ణి పిలిచేది ఈ రెండో అర్థంలోనే. గురు నానక్ మూల మంత్రంలో దేవుడు అకాల మూర్తి. హరగోవింద్ గురువు అమృతసర్‌లో స్థాపించిన పీఠం అకాల్ తఖ్త్. ఆకివీడు, కైకలూరు చేపలు మంచులో పెట్టుకుని లారీలు హౌరా వైపు సాగే జాతీయ రహదారి మీద ఇద్దరు సర్దార్జీలు ఎదురుపడితే వారి పలకరింపు ‘సత్ శ్రీ అకాల్’. హిందీలో మళ్లీ అకాల్ అంటే కరువు. అక్కడా మన వాన లాంటి భయమే.

‘కాలం’ అన్నదానికే సమయమనీ చావనీ రెండర్థాలున్నాయి. పెద్దవాళ్లు పోతే కాలం చేశారంటాం. ఈ నుడికారం పాతది. పాళీలోనూ ‘కాలం కరోతి’ అంటే చనిపోవడమే. కామవరపుకోట దగ్గరి గుంటుపల్లి గుహల్లో ఉన్న భిక్షువులకు ఆ మాట కొత్త కాదు. సిక్ఖుల ఇళ్లలో ఎవరైనా పోతే ‘అకాల్ చలాణా’ అంటారు, అకాలుడి దగ్గరికి ప్రయాణమని. మనం మనిషికి ఇచ్చిన గడువు ముగిసిందంటాం, వాళ్లు మనిషి గడువు లేని చోటికి బయలుదేరాడంటారు. గడువుకు ముందా, తర్వాతా అన్న లెక్క ఆ మాటలోనే లేదు. తొంభై ఏళ్ల తాతకూ, ఇరవై ఏళ్ల మనవడికీ అదే మాట.

నన్ను ఎక్కువగా ఆపేసింది సిక్ఖుల ప్రార్థన కీర్తన్ సోహిలా. మూడు పదాలు నానక్‌వి, ఒకటి రామదాస్ గురువుది, ఒకటి అర్జన్ గురువుది. సోహిలా అంటే మంగళగీతం. అందులో మొదటి పదంలో చావు పెళ్లి ముహూర్తమై వస్తుంది. జీవుడు పెళ్లికూతురు. వరుడి ఇంటికి పంపమని చుట్టూ ఉన్నవాళ్లను దీవెన అడుగుతుంది. ముహూర్తం పెట్టిన కబురు ఏదో ఒక ఇంటికి రోజూ అందుతూనే ఉంటుంది. సంపాదించుకోవలసింది ఇక్కడే, ఇప్పుడే అన్నది అర్జన్ పదంలోని సారం. ఈ అయిదు పదాలనూ శ్మశానంలో చితి దగ్గర చదువుతారు. రోజూ రాత్రి పడుకోబోయే ముందూ ఇవే. బడికి వెళ్లే పిల్ల కూడా తన చితి దగ్గర చదవబోయే పాటను వల్లించి నిద్రపోతుందన్నమాట. అందులో దిగులేమీ లేదు. మళ్లీ తెల్లవారితే ఆ రోజును ఊరికే పోనివ్వకూడదన్న తొందర ఉంది.

మన వాడుకలో ‘కృష్ణా రామా అనుకునే వయసు’ అని ఒకటుంది. పొలం పిల్లలకు అప్పజెప్పి అరుగు మీద కూర్చున్నాక వచ్చే వయసు. దేవుణ్ణి అక్కడికి వాయిదా వేశాం కాబట్టే, ఈలోపు వచ్చే చావును అకాలమంటున్నామని నాకనిపిస్తుంది. ఇక ‘నీకేం పోయేకాలం’ అన్నది తిట్టయి కూర్చుంది. పోయేకాలం రానివాడెవడు? పోతన భాగవతంలో ప్రహ్లాదుడు తోటి పిల్లలకు బడిలోనే హరిభక్తి చెప్పాడు. ఆ పద్యాలు నోటికొచ్చిన ఊళ్లలో ఈ వాయిదా ఎలా బతికిందో!

గోవింద్ సింగ్ గురువు 1708లో నాందేడ్‌లో, గోదావరి ఒడ్డున తనువు చాలించారు. గురువుల విషయంలో సిక్ఖులు చలాణా అని కూడా అనరు, జ్యోతి జ్యోతిలో కలిసిందంటారు. ఆ ఊరిని ఒరుసుకుని వచ్చిన నీళ్లే ధవళేశ్వరం దాటి మన ఏలూరు కాలువలో పారుతున్నాయి. ఆ మాట మాత్రం ఇక్కడిదాకా రాలేదు.

1945లో ఆమోదం పొందిన సిక్ఖుల ఆచార నియమావళి ‘సిక్ఖు రహత్ మర్యాద’, పోయినవారు ఎంత పసివారైనా దహనమే చేయమంటుంది. పగలా రాత్రా అని చూడొద్దంటుంది. వేళ కాని వేళ అన్నదాన్ని ఆచారంలోంచే తీసేసింది. ఢిల్లీలో 1675లో తల నరికించుకున్న తేగ్ బహాదుర్ గురువు శ్లోకాలు 57 గురు గ్రంథ్ సాహిబ్ చివర్లో ఉన్నాయి. లోకం నీటి బుడగ అని గుర్తుచేసే శ్లోకాలవి. పెళ్లికి ముందు పారాయణం పెట్టుకున్నా, కొత్త ఇంట్లో చేరేటప్పుడు పెట్టుకున్నా, ముగింపులో వాటిని చదవాల్సిందే. శుభమా అని ఇల్లు చేరుతూ ఈ చావు మాటలేమిటని అక్కడ ఎవరూ నొచ్చుకోరు. చదవడం అయ్యాక కడా ప్రసాదం పంచుతారు.