కమ్మరి కొలిమి – కంచరి సుత్తి

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్రపై ఏదైనా వ్రాయమని సంఘం వారు కోరారు. సిద్దిపేట చుట్టుపక్కల పల్లెల్లో పెరిగిన మనలో కొలిమి ఎరుగని వారుండరు గనుక దానినే ఎన్నుకొన్నాను.

లోహాన్ని ఎర్రగా కాల్చి కొట్టడం ఒక పద్ధతి, చల్లగా ఉండగానే కొట్టడం మరొకటి. కాల్చి కొట్టినదే గట్టిదనీ, రెండవది అలంకారానికేననీ చాలామంది అనుకుంటారు. ఇది సరికాదు.

కాలిన ఇనుము మెత్తబడి, కొద్ది దెబ్బలకే సాగుతుంది. అందుకే నాగలి కర్రుకు, గడ్డపారకు కొలిమి తప్పనిసరి. పైన పెచ్చు రాలి కొంత ఇనుము నష్టమవుతుంది, కొలత కూడా అంత కచ్చితంగా రాదు. కక్కు కొడవలిలో రెండు పద్ధతులూ ఉన్నాయి. వంపు కొలిమిలో వస్తుంది, కక్కు మాత్రం చల్లారాక ఉలితో కొడతారు. ఈ పనులన్నింటికీ రైతు ఇచ్చింది డబ్బు కాదు, కల్లం దగ్గర ధాన్యం మేర.

మన ఊరి నుండి చేర్యాల మీదుగా జనగామ వెళితే, అక్కడికి దగ్గరలోనే పెంబర్తి. అక్కడి విశ్వకర్మలు ఇత్తడి రేకును చల్లగానే కొట్టి నగిషీలు తీరుస్తారు. దెబ్బ పడినకొద్దీ రేకు గట్టిపడుతుంది. మరీ కొడితే చీలుతుంది. అందుకని మధ్యలో కాల్చి మెత్తబరచి, చల్లార్చి మళ్ళీ కొడతారు. చల్లని పనికీ నిప్పు కావాలన్నమాట, కాని దెబ్బ వేసేది నిప్పు తీసిన తరువాతే.

వేడి ఎక్కువైతే ఏమవుతుందో తెలియాలంటే నిజామాబాద్ జిల్లా కోనసముద్రం చరిత్ర చూడాలి. అక్కడ మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ముద్దల కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. సర్వే శాఖలో పనిచేసి 1824లో మరణించిన డాక్టర్ వాయిసీ అక్కడికి వెళ్ళి ఆ పనిని చూసి వ్రాసినది 1832లో కలకత్తాలో అచ్చయింది. డమాస్కస్ కత్తులుగా పేరొందిన వాటిలో చాలావరకు ఇటువంటి ఉక్కుతో చేసినవే. అయితే ఈ ఉక్కు ఐరోపా కమ్మరులను బాగా ఇబ్బంది పెట్టింది. తమ ఇనుముకు అలవాటైనట్లు తెల్లగా కాగనిచ్చి కొడితే ముక్కలైపోయేది. దీనిలో కర్బనం నూటికి సుమారు ఒకటిన్నర పాలు ఉంటుంది. కనుక ఎరుపు దాటనివ్వకుండా, ఓపికగా కొట్టాలి. 1819లో లండన్‌లో దీనిని పరీక్షించిన మైకేల్ ఫారడే స్వయంగా ఒక కమ్మరి కుమారుడే! ఉష్ణమాపకాలు లేని కాలంలో మనవారు రంగు చూసి వేడిని అంచనా కట్టారు. ఆ చూపు పుస్తకంలో దొరకదు, తండ్రి పక్కన తిత్తి ఊదుతూ కొడుకు నేర్చుకున్నది. ట్రాక్టర్లు, టైరు బండ్లు వచ్చాక ఊళ్ళలో కొలుములు చాలావరకు చల్లారాయి. ఆ చూపు కూడా వాటితోపాటే పోతున్నది.

మన వంటింటి స్టీలు గిన్నెలు చల్లగా ప్రెస్సులో నొక్కినవి. మోటారు సైకిలు ఇంజనులోని క్రాంకు సాధారణంగా కాల్చి కొట్టినది, బోల్టులు ఎక్కువగా చల్లగా కొట్టినవి. కొట్టేది యంత్రమైనా, ఆ రెండు పద్ధతులే.

కంచు సంగతి వేరు. తగరం ఎక్కువగా ఉన్న పాత కంచును మందమైన ఎరుపులో కొట్టి, నీళ్ళలో ముంచుతారు. ఉక్కు అలా ముంచితే గట్టిపడుతుంది, కంచు మాత్రం మెత్తబడుతుంది! కాబట్టి మీ ఇంట పెద్దల నాటి కంచు పళ్ళెం సొట్టపడి ఉంటే, ఇత్తడి బిందెకు చేసినట్లు చల్లగా సుత్తితో సరిచేయనివ్వకండి, పగలవచ్చు. వేలితో తట్టి చూడండి. ఖంగుమని చాలాసేపు మోగితే అది కంచు కావచ్చు. పని తెలిసిన కంచరి దొరికేవరకు ఆ సొట్టను అలాగే ఉండనివ్వండి.